క్రిస్మస్ పాటలో చావు దరువు

మా ఓనరు కొడుకులిద్దరికీ మాటకంటే ముందు చెయ్యి లేచేది. తొంభైల మొదట్లో నేనూ మా ఆవిడా అశోక్‌నగర్‌లో వాళ్ల ఇంటి మేడమీద కిరాయికి ఉండేవాళ్లం. కింద వాళ్లు ఉండేవారు. దోమలగూడ వైపు వాళ్లకు టింబర్ డిపో ఉండేది. పెద్దవాడు ఎవరినైనా కొట్టబోయే ముందు చేతి గడియారం తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. చిన్నవాడికి ఆ నిదానం లేదు. ఒకసారి చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీద కూరగాయల బండి తన స్కూటరుకు గీసుకుందని, బండివాడి తక్కెడ లాక్కుని దాని పళ్లెంతోనే వాడి మొహం మీద కొట్టాడు. టమాటాలు రోడ్డంతా దొర్లాయి. వాటిమీదుగా సిటీ బస్సు వెళ్లిపోయింది.

కాలేజీ రోజుల నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. ఆ ఏడాది డిసెంబరు పేజీలు ఇప్పుడు తిరగేస్తే సగం కొట్లాటలే కనిపిస్తాయి.

కింద ముందుగదిలో వాళ్ల తండ్రి ఉండేవాడు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. వీధివైపు కిటికీ పక్కనే మంచం. కుర్రతనంలో పాలమూరు నుంచి వచ్చి, కట్టెలు మోసి, చివరికి డిపో పెట్టిన మనిషి. తన కాలంలో ఆయనా కొట్టే మనిషేనని వీధిలో చెప్పుకునేవారు. ఎడమ చెయ్యి ఒక్కటే కదిలేది. అన్నం పళ్లెం విసిరికొట్టడానికి ఆయనకు అదే చాలు. కొడుకులిద్దరూ లోకంలో ఆ ఒక్క చేతికే భయపడేవారు.

ఆ ఏడాది వానలకు మా స్లాబు కారింది. దీపావళి దాటాక ఓనర్లు ఒక మేస్త్రీని పంపారు. నలభై దాటిన మనిషి. అతనిదీ పాలమూరు వైపే. పనికోసం వచ్చి నారాయణగూడ అవతల నాలా పక్క బస్తీలో గుడిసె వేసుకున్నాడు. అతని భార్య కూడా పనికి వచ్చేది. అతను పగలగొడుతుంటే ఆమె పెళ్లలు ఇనప తట్టలోకి, వాళ్లు గమేలా అనేదానిలోకి, ఎత్తి కిందికి మోసేది. పాత గచ్చు మీద అతను సమ్మెట వేసే తీరు కూలిపనిలా ఉండేది కాదు, పగ తీర్చుకుంటున్నట్టు ఉండేది. మా ఇంట్లో గిన్నెలు అదిరేవి.

నారాయణగూడ చౌరస్తా దగ్గర ఖాళీ క్యాసెట్లలో పాటలు నింపి ఇచ్చే చిన్న షాపు ఒకటి ఉండేది. నేను పాత సినిమా పాటలు నింపమని ఇచ్చిన క్యాసెట్‌లో ఒక పక్క మాత్రమే నిండింది. ఆదివారం పొద్దున రెండో పక్క తిప్పి చూస్తే ఏదో తెలియని సంగీతం. అడుగున బరువైన వస్తువును ఎవరో ఈడ్చుకుపోతున్నట్టు ఒక మోత, దానిమీద గిటారు ఆగి ఆగి నరుకుతున్నట్టు. ఇంగ్లీషులో బెత్లెహేము, మేరీ అన్న మాటలు వినబడ్డాయి.

"టేపు కుంటుతున్నదేంది?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "నలిగిందేమో చూడండి."

పైన సమ్మెట చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మేస్త్రీ చేతులకు సున్నంతోనే మెట్లు దిగివచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పాట అయిపోయేదాకా అక్కడే విన్నాడు.

"సార్, గిది మల్లొక్కసారి ఎయ్యరాదు."

మళ్లీ వేశాను. అతని కుడి చేతి వేళ్లు తొడమీద ఆడుతున్నాయి. మొదటి దెబ్బ దగ్గర వేలు లేచి గాలిలోనే ఆగేది. రెండోది, మూడోది పడేవి.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ షాపువాణ్ని అడిగితే నవ్వాడు. "రెండో పక్క ఖాళీ ఉండె అంకుల్. క్రిస్మస్ సీజన్ గదా, రెగే ఏసిన. వెస్టిండీస్‌ల క్రికెట్ ఆడెటోళ్లు లేరా, గా దీవులోళ్ల మ్యూజిక్. అందరూ మొదటి దెబ్బ గట్టిగ కొడతరు, వీళ్లు గదే ఖాళీ వెడతరు. మంచిగ లేకుంటే చెరిపేస్త తియ్."

చెరపవద్దన్నాను. ఆ క్యాసెట్ తనకు కావాలని మేస్త్రీ అప్పటికే అడిగి ఉన్నాడు.

ఎందుకు కావాలని నేను అడిగితే, టీ తాగుతూ చెప్పాడు. ఇన్నాళ్లయినా ఆ మాటలు నాకు అలాగే వినబడతాయి.

"మా నాయిన డప్పు కొట్టెటోడు సార్. ఊర్ల ఎవ్వలు సచ్చినా పిలుపు రావాలె, పోవాలె. ఒకపారి జరమొచ్చి లేవలె. పటేలు ఇంట్ల సావు. ఇంటి మీదికొచ్చి కట్టెలతోని కొట్టుకుంట ఈడ్చుకపోయిండ్రు. కొట్టించుకోని, లేచి, డప్పు మెడల ఏసుకున్నడు. నేను ఎంబడి నడిచిన. ముక్కులకెల్లి నెత్తురు కారుతనే ఉన్నది. దరువు మాత్రం తప్పలే."

"తర్వాత?"

"నాయిన పోయినంక నన్ను పట్టిండ్రు. మస్తు ఏండ్లు కొట్టిన. ఓ దినం డప్పును గోడకే ఇడిసిపెట్టి బస్సెక్కిన. ఈడ ప్రార్థనకు పోవుడు షురువైనంక దేవుని ముంగట ఒట్టువెట్టుకున్న. సావు దరువు మల్ల కొట్ట. ఎవ్వలకు నేర్పియ్య. గది నాతోనే ఆఖరు గావాలె." క్యాసెట్ వైపు చూపించాడు. "గీ దరువు మా ఊర్ల లేదు. ఎవ్వల సావుది గాదు, ఎవ్వల పెండ్లిది గాదు. గిదైతే డప్పు మీద కొట్టొచ్చు. పండుగకు మా పాటలకు గిదే పెడత."

"సిమెంటు మాలు గట్టివడుతున్నది," అని పైనుంచి అతని భార్య అరిచింది. "సార్‌కు నీ కతలన్ని జెప్పి మల్ల నాతోని నీళ్లు మోయిస్తవ్."

నాలా పక్కన రేకుల కప్పుతో వాళ్ల ప్రార్థన మందిరం ఉండేది. డిసెంబరు మొదటి వారంలో రమ్మంటే వెళ్లాను. టేప్‌రికార్డర్ నాదే కావలసివచ్చింది. మేస్త్రీ ఎక్కడో సంపాదించి మూడు డప్పులు తెచ్చాడు. లోపలికి తీసుకురాబోతుంటే సంఘంలో పెద్దమనిషి ఒకాయన, ఇటుక బట్టీలో పని చేసి చేసి మొహం కాలినట్టున్నాయన, గుమ్మానికి అడ్డం నిలబడి మేస్త్రీ చెంప మీద కొట్టాడు. రేకుల కింద ఆ దెబ్బ పెద్దగా మోగింది.

"ఏం పాపం జేసినమని మల్ల తెచ్చినవ్ దీన్ని? డప్పు వాసన పోవాలెననే గద ఊరిడిసి వచ్చినం? నలుగురిట్ల తలెత్తుకోని తిరుగుదమనుకుంటే, దేవుని ఇంట్లకే మోసుకొస్తవా?"

రెండో దెబ్బకు మేస్త్రీ పెదవి చిట్లింది. చెయ్యి అడ్డం పెట్టలేదు. ఉమ్మి తుడుచుకుని నావైపు తిరిగి, "సార్, ఎయ్యుర్రి," అన్నాడు. నేను మీట నొక్కాను. ఆ పెద్దమనిషి లేచిన చెయ్యి లేచినట్టే ఉంచి విన్నాడు. ఆడవాళ్లు ఒకరిద్దరు పాటకు తలలు ఊపారు. ఒక ముసలమ్మ, "తెల్లోళ్ల పాటనా?" అని అడిగింది.

"కాదవ్వా. నల్లోళ్లది. వాళ్లను గూడ కొట్టి కొట్టి పని చేయించుకున్నరట. సార్ చెప్పిండు."

"ఔనా," అంది ఆమె. "అయితే కొట్టుర్రి, చూద్దం."

పెద్దమనిషి బయటికి వెళ్లి బీడీ ముట్టించుకున్నాడు. ఆ వారమంతా ఇద్దరు మగవాళ్లు మేస్త్రీ దగ్గర ఆ ఒక్క దరువే నేర్చుకున్నారు. వాళ్లకు వేరే దరువు ఏదీ రాదు. మొదటి దెబ్బ వదిలెయ్యడం వాళ్లవల్ల కాకపోతే వాళ్ల మణికట్ల మీద చీపురుపుల్లతో కొట్టి మరీ నేర్పాడు.

క్రిస్మస్‌కు వారం ముందు, సాయంత్రం, వాళ్ల పాటల బృందం బయల్దేరింది. నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి వచ్చి, మెయిన్‌రోడ్డు మీద నడిచి, అశోక్‌నగర్ వైపు తిరిగారు. కర్రకు కట్టిన కాగితం నక్షత్రం, అందులో బల్బు, దానికి బ్యాటరీ. రోడ్డు మీద ఆ సంగీతం బ్రహ్మాండంగా ఉందని బజారు నుంచి వచ్చిన మా ఆవిడ చెప్పింది. సోడా బండి దగ్గర జనం ఆగి చూశారట.

ఆ సాయంత్రమే కింద డాక్టరు వచ్చి వెళ్లాడు. ఇక ఆసుపత్రికి మార్చినా లాభం లేదన్నాడు. ఇంట్లో ఆడవాళ్లు ఏడుపు బిగబట్టుకుని ఉన్నారు. కొడుకులిద్దరూ అరుగుమీద ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

మా గల్లీలో అప్పుడు నీటి పైపు కోసం తవ్విన గుంట ఉండేది. నక్షత్రం పట్టుకున్నవాళ్లు, ముసలివాళ్లు జాగ్రత్తగా నడవాలని అడుగు మందగించారు. అడుగుతోపాటు దరువు కూడా మందగించింది. నేను వరండాలో నిలబడి వింటున్నాను. నెమ్మదించాక ఆ సంగీతం వేరేదయిపోయింది. పాట నోళ్లలో ఉంది, డప్పు మాత్రం ఇంకెక్కడికో నడుస్తోంది. కింద ఇంట్లో కోడలు ఒక్కసారి బావురుమంది. అంతవరకూ బిగబట్టుకున్న ఆడవాళ్లందరూ ఆమెతోపాటు ఏడవడం మొదలుపెట్టారు.

పెద్దవాడు గడియారం తీసి జేబులో వేసుకున్నాడు.

నేను మెట్లు దిగేలోపే చిన్నవాడు నక్షత్రం కర్ర లాక్కుని దానితోనే ముందున్నవాణ్ని కొట్టాడు. బల్బు పగిలి అందరి మీదా పడింది. "మా నాయిన బతికుండంగనే సావు డప్పా?" అంటూ పెద్దవాడు మేస్త్రీని గోడకేసి కొట్టాడు. మేస్త్రీకి అది అర్థం కాలేదు. "అన్నా, క్రిస్మస్ పాట అన్నా, ఏసుప్రభువు పాట," అంటూనే ఉన్నాడు. డిపోలో పనిచేసే మనుషులు ఇద్దరు గల్లీ చివర నుంచి పరుగెత్తుకొచ్చారు. డప్పు ఒకటి గుంటలో పడింది. ఒకావిడ జుట్టు పట్టి ఈడ్చారు. బృందంలో మగవాళ్లూ ఊరుకోలేదు. నేర్చుకున్న ఇద్దరిలో ఒకడు పెద్దవాడి చెవి పట్టుకుని కొరికాడు. నేను మధ్యలోకి వెళితే ఎవరి మోచెయ్యో నా నోటికి తగిలింది. పన్ను కదిలింది. నా చొక్కా నెత్తురయింది.

మేస్త్రీ కిందపడి, మెడలోని డప్పును కుడి చేత్తో కప్పుకుని ఉన్నాడు. చిన్నవాడు షట్టరు లాగే ఇనుప కొక్కెం తెచ్చి ఆ చేతిమీదే కొట్టాడు. ఆ చప్పుడు డప్పుది కాదని అక్కడున్న ప్రతివాడికీ తెలిసింది. రెండోసారి ఎత్తాడు. అప్పుడే పైనుంచి మా ఆవిడ బకెట్టెడు చన్నీళ్లు అతని నెత్తిన కుమ్మరించింది.

"ఇంకొక బకెట్టు ఉన్నది," అంది వరండాలోంచి. "వేణ్నీళ్లు."

చిన్నవాడు కొక్కెం దించాడు. ఏడ్పు, దగ్గు, చెప్పులు వెతుక్కునే చప్పుడు మిగిలాయి. కిటికీ లోపలనుంచి ముసలాయన ఏదో అంటున్నాడు. భయపడ్డాడనుకున్నాం.

స్టేషన్‌కు పోదామంటే మేస్త్రీ వద్దన్నాడు. ఆటోలో కట్టు కట్టించే చోటికి తీసుకెళ్లాను. అతని భార్య చీర కొంగుతో ఆ చెయ్యి ఎత్తిపట్టుకుని కూర్చుంది. ఆటో గతుకుల్లో పడ్డప్పుడల్లా అతను పళ్లు కొరికేవాడు. సగం దూరం పోయాక తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు.

"వాళ్లు ఉత్తగ కొట్టలే సార్."

"ఏమన్నావు?"

"గది సావు దరువే. జోరుగ పోతున్నంతసేపు పాట దరువు. అడుగు మెల్లగైనంక చెయ్యి దాని తొవ్వల అది వోయింది. పాడె మోసెటోళ్ల అడుగు పడాలెనని మొదటి దెబ్బ మేం ఖాళీ వెడతం. గీ దీవులోళ్లు గూడ గదే ఖాళీ వెట్టిండ్రు. నాకు తెల్వలే. నా చేతికి తెలుసు." భార్య కొంగులో ఉన్న చెయ్యి చూసుకున్నాడు. "ఒట్టు తప్పిన."

"నోరు మూసుకో," అంది భార్య. "కొట్టినోళ్లదే ఒప్పంటవా ఇప్పుడు? తప్పిందో లేదో దేవుడు చూసుకుంటడు. నీ చెయ్యి చూసుకో నువ్వు."

నాలుగు రోజుల తర్వాత పెద్దవాడు మా మెట్లెక్కి వచ్చాడు. చెవికి ప్లాస్టరు ఉంది. వచ్చినవాడు కూర్చోలేదు.

"సార్, మా నాయిన ఒక్కటే మాట పట్టిండు. ఆ దినం కిటికీల కెల్లి గదే చెప్పిండట, మాకు సమజ్ కాలే. వాడు పాలమూరోడే, గది మా ఊరి దరువే, నన్ను తీస్కపోయే దినం వాడే కొట్టాలె అంటున్నడు. మా తాతను గట్లనే తీస్కపోయిండ్రట. మందు ముడతలేడు, నీళ్లు ముడతలేడు. జర మీరు పోయి చెప్పుర్రి. వాడు మా మాట వినడు."

"మీరే గదా చెయ్యి విరగ్గొట్టింది," అన్నాను.

"అందుకే మీరు పోవాలంటున్న."

వెళ్లి చెప్పాను. నా మాట పూర్తికాకముందే మేస్త్రీ భార్య గమేలా నేలకేసి కొట్టింది. మేస్త్రీ మాత్రం లేచి చెప్పులేసుకున్నాడు. "పెద్దమనిషి అడిగిండు. మొహమ్మీద నేనే చెప్తా," అన్నాడు.

ముసలాయన మంచం పక్కన అతను నిలబడ్డాడు. కుడి చెయ్యి మోచెయ్యి దాకా కట్టు, మెడకు వేలాడుతోంది. కొడుకులు తలుపు దగ్గర. ముసలాయన మాట ముద్దగా వచ్చేది గాని అర్థమయ్యేది.

"మీ నాయిన కొట్టెటోడా?"

"కొట్టెటోడు అయ్యా."

"నేర్పిండు మంచిగ. నా దినానికి నువ్వు రావాలె."

"రాను అయ్యా. మా నాయినను కొట్టి కొట్టిచ్చిండ్రు. గది నేను ఇడిసిపెట్టిన."

"చెయ్యి లేకుంటే నీ మనుషులున్నరు గద. వాళ్లకు చెప్పు."

"వాళ్లకు గీ దరువు రాదు. పాట దరువే వచ్చు, ఆ దినం నా చేతి ఎంబడి వచ్చిండ్రంతే. నేను నేర్పియ్య."

"నా కొడుకులు నిన్ను సంపుతరు."

"సంపనియ్యుర్రి."

ముసలాయన ఎడమ చేతికి పక్కనున్న స్టీలు గ్లాసు అందింది. విసిరితే మేస్త్రీ నుదుటికి తగిలి రక్తం వచ్చింది. చిన్నవాడు ముందుకు కదిలాడు. ముసలాయన కన్నెత్తి చూడగానే ఆగిపోయాడు. మేస్త్రీ ఎడమ చేత్తో గ్లాసు తీసి మళ్లీ మంచం పక్కన పెట్టి, ముసలాయనకు దండం పెట్టలేక తల వంచి వెళ్లిపోయాడు.

"పంతగాడు," అన్నాడు ముసలాయన. తర్వాత కొడుకులతో, "అయినా తేవాలె," అన్నాడు.

క్రిస్మస్ ముందురోజు పొద్దున ఆయన పోయాడు. ఏడుపులకంటే ముందు నాకు వినబడింది స్కూటరు చప్పుడు. కొడుకులిద్దరూ బస్తీకి బయల్దేరారు, వెనక డిపో మనుషులు సైకిళ్ల మీద. నేను నడిచి, కొంతదూరం పరుగెత్తి వెళ్లేసరికి ప్రార్థన మందిరం ముందు జనం నిండిపోయారు. ఆడవాళ్లు ముగ్గు వేసి, రంగుకాగితాలు కట్టినట్టున్నారు. అవన్నీ అప్పటికే తెగి కాళ్లకింద ఉన్నాయి.

మొదట పెద్దవాడు మర్యాదగానే అడిగాడు. "అన్నా" అన్నాడు. "మా నాయిన ఆఖరి మాట" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, అది నటన కాదు. మేస్త్రీ కట్టున్న చెయ్యి చూపించాడు.

"నువ్వు కొట్టకు. నోటితోని చెప్పు, వాళ్లిద్దరు కొడతరు."

"చెప్ప."

"ఒక్కసారి. ఈ ఒక్క దినం."

"మా నాయినకు గూడ ఒక్క దినమే జరమొచ్చింది అన్నా."

చిన్నవాడు మేస్త్రీ గొంతు పట్టుకున్నాడు. తర్వాత ఏం జరిగిందో వరుసగా చెప్పలేను. నా ముందు మనుషులున్నారు. మేస్త్రీ కాళ్లు నేలనుంచి లేవడం చూశాను. డిపో మనుషులు ప్రార్థన మందిరం రేకు ఒకటి గుంజి కిందపడేశారు. అతనికి చెంపదెబ్బ వేసిన ఆ ఇటుక బట్టీ పెద్దమనిషే ఇప్పుడు ముందుగా దూకి, ఒక డిపో మనిషి మోకాలి మీద పార కామతో కొట్టాడు. వాడు కూలబడ్డాడు. ఆడవాళ్లు గమేలాలు తీసుకున్నారు. రోజూ తలమీద కంకర మోసే చేతులవి. చిన్నవాడు మేస్త్రీ గొంతు ఇంకా బిగిస్తూ, "చెప్పు, చెప్పు," అంటున్నాడు. మేస్త్రీ కళ్లు తేలిపోతున్నాయి, పెదవులు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. అతని భార్య వెనకనుంచి వచ్చి గమేలా అంచుతో చిన్నవాడి నెత్తిమీద కొట్టింది. ఒక్కటే దెబ్బ. చేతులు వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. నెత్తురు కంట్లోకి కారింది.

"ఇంక రా," అంది ఆమె. "ఇంటికాడ పీనుగ ఉన్నది నీకు. ఇంకొకటి లేవాల్నా?"

పెద్దవాడు తమ్ముణ్ని పట్టుకున్నాడు. ఎవరి మనుషులను వాళ్లు లేపుకున్నారు. మేస్త్రీ నేలమీద కూర్చుని దగ్గుతూ ఉన్నాడు. చిన్నవాడు నెత్తికి రుమాలు అదుముకుని, పడిపోయిన రేకు పక్కన గోడకున్న డప్పు తీసుకున్నాడు. ఎవరూ అడ్డుకోలేదు. దాన్ని ఎలా పట్టుకోవాలో అతనికి తెలియదు. పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకుని వెళ్లాడు.

మధ్యాహ్నం పాడె లేచింది. మేమందరం వెనక నడిచాం. పెద్దవాడు ముందు నిప్పుకుండ పట్టుకున్నాడు. వాడికంటే ముందు చిన్నవాడు, డప్పు మెడలో వేసుకుని, డిపోనుంచి తెచ్చిన టేకు ముక్కతో కొడుతున్నాడు. దరువు లేదు, వరుస లేదు. ఇష్టం వచ్చినట్టు, ఎవరినో కొట్టినట్టు కొడుతున్నాడు. డప్పు మొద్దుగా, తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు పలుకుతోంది. మోసేవాళ్లకు అడుగు కలవక పాడె ఒకపక్కకు ఒరిగిపోతోంది. "జర సక్కగ కొట్టు," అన్నాడు వాళ్లలో ఒకడు. చిన్నవాడు వినిపించుకోలేదు.

చిక్కడపల్లి మలుపులో, మూసిన షాపు మెట్లమీద మేస్త్రీ నిలబడి ఉన్నాడు. మెడమీద వేళ్ల గుర్తులు నల్లగా తేలి ఉన్నాయి. పక్కన భార్య ఉంది. అతనిని చూడగానే చిన్నవాడు ఆగాడు. పాడె ఆగింది. మా అందరికీ మళ్లీ మొదలవుతుందనిపించింది. డిపో మనుషులు ముందుకు జరిగారు.

"ఏంది చూస్తున్నవ్?" అన్నాడు చిన్నవాడు.

మేస్త్రీ మెట్లు దిగి వచ్చి, ఎడమ చేత్తో డప్పు చర్మం మీద వేలితో తట్టి చూశాడు. "కాచలే," అన్నాడు. అంతవరకు నాకు తెలియదు, కొట్టేముందు డప్పును మంటమీద కాచి బిగువు తెప్పించాలట. చలికాలం అయితే మరీ.

చిన్నవాడి మెడలోంచి డప్పు తీశాడు. చిన్నవాడు తియ్యనిచ్చాడు. మేస్త్రీ భార్య రోడ్డు పక్కన పడివున్న అట్టపెట్టెలు, కాగితాలు పోగుచేసింది. "నీకేం పని దీంతోని," అని గొణుగుతూనే అగ్గిపుల్ల గీసింది. అతను ఒక్క చేత్తోనే డప్పును మంటమీద తిప్పుతూ, చెంప దగ్గర పెట్టుకుని చూస్తూ, మళ్లీ తిప్పుతూ కాచాడు. పాడె మోసేవాళ్లు భుజాలు మార్చుకున్నారు. రెండువైపులా బస్సులు ఆగిపోయాయి. హారన్ కొట్టిన ఆటోవాణ్ని ఎవరో కాలర్ పట్టుకుని కొట్టారు.

చర్మం బిగుసుకున్నాక డప్పును మళ్లీ చిన్నవాడి మెడలో వేశాడు. చిన్నవాడు కర్ర అతనివైపు చాచాడు. మేస్త్రీ కర్ర వైపు చూడలేదు.

"పోయింది నీ నాయిన. నీకెట్లొస్తే గట్ల కొట్టు," అన్నాడు.

భార్యతో కలిసి బస్తీ వైపు తిరిగాడు. వెళ్తూ, మలుపు దాకా సాగనంపడానికి వచ్చిన మా ఆవిడకు, రేపు పండుగకు రావాలని చెప్పాడు.

చిన్నవాడు కర్ర ఎత్తి కొట్టాడు. ఈసారి డప్పు ఖంగున మోగింది, మలుపు మలుపంతా అదిరేటట్టు. దరువు మాత్రం ఇప్పటికీ లేదు. ముందు ఎవరో నిలబడి ఉన్నట్టు, వాణ్ని కొడుతున్నట్టు, శ్మశానం గేటు దాకా అలాగే కొట్టాడు. మోసేవాళ్లు తడబడుతూనే నడిచారు.